ఫర్నేస్ చల్లారేదాకా

"పొయ్యి తుడిచేదానికి గూడా ట్రైనింగ్ ఇస్తారా మే?" అని ఖాసిం వలి పడీ పడీ నవ్వాడు.

మెహతాబ్ అప్పుడు మర్నాటికి మొగుడి టిఫిన్ డబ్బా సర్దుతోంది. రేపటినుంచి తనని లాబరేటరీలో వేడి గదికి మారుస్తున్నారనీ, అక్కడి యంత్రాలు ఎలా శుభ్రం చెయ్యాలో మేడం దగ్గరుండి నేర్పిస్తుందనీ చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం తొణికిందేమో, అతని నవ్వుతో అది ఆవిరైపోయింది. "ఆడదానికి నిప్పు కొత్తనా? కండ్లు తెరిసినప్పటినుంచీ పొయ్యి కాడనే గదా ఉండేది. నువ్వే పోయి వాళ్ళకు నేర్పియ్యాల" అన్నాడు. మెహతాబ్ కూడా నవ్వింది. నిజమే కదా అనుకుంది. అతను చెడ్డవాడు కాదు. కంపెనీ బస్సు నడుపుతాడు, తాగడు, చెయ్యెత్తడు. కువైట్‌లోని ఫహాహీల్‌లో వాళ్ళు అద్దెకున్న గదిలో అతని నవ్వు ఎప్పుడూ ఇలాగే వినిపిస్తుంది. ఆమె చేసే ఏ పనైనా ఆ నవ్వులో పడితే చిన్నదైపోతుంది, అంతే.

రాయచోటి నుంచి వచ్చిన కొత్తల్లో మెహతాబ్ ఇళ్ళల్లోనే పనిచేసింది. ఆ మధ్య ఇంటిపనివాళ్ళు కంపెనీలకి మారొచ్చని గవర్నమెంటు కొన్నాళ్ళు వీలిచ్చినప్పుడు, ఇంటి యజమానురాలు మామాని బతిమాలి ఒప్పించి, నివాస పర్మిట్ ఇఖామా మార్పించుకుని ఈ లాబరేటరీలో చేరింది. దేశంలోకి దిగే తిండి సరుకులని పరీక్షించే చోటు అది. గోధుమపిండి, పాలపొడి, నూనెలు, మసాలాలు సంచుల్లో వస్తాయి. వాటిని తూస్తారు, ఎండబెడతారు, మరిగిస్తారు, కాల్చి బూడిద చేస్తారు. అంతవరకూ ఆమె పని నేల తుడవడం, గాజుసామాను కడగడం. వేడి గది తలుపు అద్దంలోంచి లోపలికి చూడటమే తప్ప అడుగు పెట్టింది లేదు.

మర్నాడు అడుగు పెట్టింది. పద్మశ్రీ మేడం ఆమె కోసమే అక్కడ నిలబడి ఉంది. కాకినాడ వైపు మనిషి, కెమిస్టు, నడివయసు. "రండి మెహతాబ్ గారూ" అంది. కువైట్‌లో ఇన్నేళ్ళలో తన పేరు చివర గారు చేరడం అదే మొదలు. మెహతాబ్‌కి వెనక్కి తిరిగి చూడాలనిపించింది, ఆ పేరుగల ఇంకో ఆవిడెవరైనా వచ్చిందేమోనని.

"ముందుగా ఒకటి అడుగుతానండి. పనిలో ఎప్పుడైనా చెయ్యి కాలిందా?"

"దానికి లెక్కేముంది మేడం" అని నవ్వుతూ మెహతాబ్ ఎడమ చేతి బురఖా అంచు పైకి లాగింది. మోచేతి కింద అరచెయ్యంత మచ్చ, నున్నగా, తన చర్మం కానట్టుగా మెరుస్తోంది.

పద్మశ్రీ నవ్వలేదు. "ఇదెలా జరిగింది?" అంది.

ఎట్ల కాల్చుకున్నావు అని అడిగినవాళ్ళే అందరూ. ఎలా జరిగింది అని అడిగిన మనిషి ఈవిడే. ఆ రెండు ప్రశ్నలకీ మధ్య ఇంత దూరం ఉంటుందని మెహతాబ్‌కి తెలీదు. జవాబు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. అది రంజాన్ నెల. ఇఫ్తారుకి చుట్టాలొస్తున్నారు. ఓవెన్‌లో పాకం పొంగి కారింది. ఇంకో ట్రే లోపల పెట్టాలి, మాడు వాసన రాకూడదు. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ మామా వెనకే నిలబడింది. ఓవెన్ ఆపీ ఆపకముందే మెహతాబ్ జిడ్డు వదిలించే మందు చల్లి తడిగుడ్డతో చెయ్యి లోపల పెట్టింది. భగ్గుమని ఆవిరి లేచింది. చెయ్యి వెనక్కి లాక్కోబోతే తలుపు అంచుకి అతుక్కుంది. మామా కూడా రాక్షసేం కాదు, ఐసుముక్కలు తెచ్చిచ్చింది, టూత్‌పేస్టు పూసింది. ఆ తర్వాత కుడిచేత్తో ట్రేలు మోయించింది. ఆ సాయంత్రం ఫోన్లో చెబితే ఖాసిం వలి, "కుడిచెయ్యి బాగుండాది గదా?" అన్నాడు, ఊరట పడుతున్నట్టు. ఊళ్ళో అత్త హమీదా బీ అయితే, "పని మీద ధ్యానం లేకుంటే అట్లే కాలుతాది" అంది. మెహతాబ్ ఆ ఇద్దరినీ నమ్మింది. తనకి ధ్యానం లేదనే ఇన్నాళ్ళూ అనుకుంది. వంట చేస్తూ చెయ్యి కాలినప్పుడల్లా, తనని తానే తిట్టుకుని, ఎవరూ చూడకముందే నీళ్ళ కింద పెట్టుకునేది.

ఇదంతా చెప్పలేదు. "ఓవెన్ తుడుస్తా ఉంటే మేడం. అప్పుడే ఆపింటిమి" అని మాత్రం అంది.

"వేడి ఓవెన్‌లో చెయ్యి పెట్టమన్నది ఎవరండి?"

మెహతాబ్ బురఖా అంచు కిందికి లాక్కుంది.

"సరే, వినండి" అంది పద్మశ్రీ. "ఈ గదిలో మీ చెయ్యి కాలితే దానికి జవాబు చెప్పాల్సింది నేను. మీరు కాదు."

ఆ మాట మెహతాబ్ వెంట రోజంతా తిరిగింది. తన చెయ్యి కాలితే ఇంకొకరు జవాబు చెప్పడమా! ఆ చేతికి అంత విలువ ఎక్కడినుంచి వచ్చింది? నిన్న రాత్రి ఇదే చేత్తో కాలే పెనం మీద రొట్టె తిప్పింది. పట్టకారు వెతికే తీరిక లేక.

నేర్చుకోవడం మొదలైంది. పద్మశ్రీ ఒక్కో యంత్రం దగ్గరా ఆగి, ఊళ్ళో చుట్టాలని పరిచయం చేసినట్టు చెప్పేది. ఇది వాటర్ బాత్ అండి, నీళ్ళు మరిగి మరిగి గోడలకి తెల్లగా సున్నం పొర కడుతుంది. నీళ్ళు వంపేసి, పుల్లటి మందు పోసి నానబెట్టి కడగాలి. గీరకూడదు. మళ్ళీ డిస్టిల్డ్ వాటర్ నింపకుండా స్విచ్ మాత్రం వెయ్యకూడదు, ఒట్టి కడుపుతో కాలితే కాయిల్ పోతుంది. ఇది హాట్ ప్లేట్. స్పిరిట్ గుడ్డతో తుడిస్తే తళతళలాడుతుంది కానీ, ప్లేటు ఏమాత్రం వెచ్చగా ఉన్నా ఆ స్పిరిట్ ఆవిరే అంటుకుంటుంది. ఇది ఓవెన్. తలుపు చుట్టూ రబ్బరు పగిలిందేమో చూడాలి, వైరు కాలిందేమో చూడాలి.

"అన్నిటికీ మంత్రం ఒకటేనండి. స్విచ్ ఆపాలి. ప్లగ్ తియ్యాలి. చల్లారేదాకా ఆగాలి. ఆ తర్వాతే గుడ్డ పట్టుకోవాలి."

"చల్లారేదాకా ఏం జెయ్యాల మేడం?"

"ఏం చెయ్యక్కర్లేదు. ఆగడమూ పనేనండి. దానికీ జీతం ఉంటుంది."

మెహతాబ్ తెల్లబోయింది. ఊరికే ఉండటం ఆమెకి రాదు. వేడి గదిలో స్టూలు మీద కూర్చుని ఓవెన్ చల్లారడం కోసం ఎదురుచూస్తుంటే, మొదట్లో తప్పు చేస్తున్నట్టు ఒళ్ళంతా బిగుసుకుపోయేది. ఎవరైనా వస్తే లేచి నిలబడేది. లేని మరకని తుడిచేది. ఊళ్ళో ఇంట్లో కూర్చుంటే అత్త, "కాళ్ళు నొప్పులా?" అని అడిగేది. ఆ ప్రశ్నకి అవును అన్నా తప్పే, కాదు అన్నా తప్పే. ఇక్కడ ఆమె కూర్చోవడాన్ని చూసి ఎవరూ ఏమీ అడగలేదు. నెమ్మదిగా భుజాలు దిగాయి. లోహం చల్లబడుతూ టిక్, టిక్ అని చేసే చిన్న చప్పుడు వినిపించసాగింది. వేడి ఒక్కసారిగా పోదనీ, మనిషి కోపంలాగే లోపలి పొరల్లో చాలాసేపు దాక్కుంటుందనీ అర్థమైంది.

గది చివర ఫర్నేస్ ఉండేది. చూడటానికి పెద్ద బీరువా. పిండినీ మసాలానీ బూడిదయ్యేదాకా కాల్చేది అదే. అప్పుడప్పుడూ సరుకేమీ పెట్టకుండానే దాన్ని బాగా వేడెక్కిస్తారు. లోపల పట్టిన మసి దానంతటదే కాలిపోతుంది. మొదటిసారి అలా వేడెక్కించిన రోజు పద్మశ్రీ గదిలో లైట్లు ఆర్పించింది. మెహతాబ్‌కి నల్లటి కళ్ళద్దాలు పెట్టి, తలుపులో ఉన్న చిన్న కన్నం మూత జరిపింది. "దూరంనుంచే చూడండి" అంది.

మెహతాబ్ చూసింది.

మంట లేదు. పొగ లేదు. చప్పుడు లేదు. ఒట్టి వెలుగు. పండిన నారింజ రంగులో, నీళ్ళలా నిలకడగా, అలా నిండి ఉంది. పుట్టినప్పటినుంచీ నిప్పుని చూస్తూనే ఉంది ఆమె. కట్టెల్లో చిటపటలాడే నిప్పు, ఊదితే కళ్ళు మండించే నిప్పు, గ్యాసు మీద బుసకొట్టే నీలం నిప్పు. అన్నీ ఏదో ఒకటి అడిగే నిప్పులే. కట్టె పెట్టు, ఊదు, తగ్గించు, గిన్నె దించు. ఇది ఏమీ అడగడం లేదు. తన పని తాను చేసుకుంటోంది. తెలియకుండానే పెదాల మీదికి "సుబ్‌హానల్లా" వచ్చింది.

కాసేపటికి అనుమానం వచ్చింది. "పొద్దున లోపల ఒట్టి గిన్నె పెట్టినారు గదా మేడం? యాడుంది?"

"అక్కడే ఉందండి. గోడలు ఎంత వేడెక్కాయో గిన్నె కూడా అంతే వేడెక్కింది. అన్నీ ఒకే వెలుగు. అందుకే విడిగా కనబడదు."

మెహతాబ్ మళ్ళీ చూసింది. ఎంత చూసినా గిన్నె లేదు. ఉంది, కానీ లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంటి వేడిలో తనూ ఇలాగే కలిసిపోయిందనిపించింది. చుట్టూ ఉన్న గోడలకీ తనకీ తేడా తెలియనంతగా. మనిషి లేదని కాదు. చూసేవాళ్ళ కంటికి ఆనదు. కళ్ళద్దాల వెనక కళ్ళు తడిసాయి. ఆ తడి బాధ వల్ల కాదు. అంత అందమైనదాన్ని చూడటానికి తనని పిలిచి చూపించారు, అందుకు.

ఆ వారం కూతురు పర్వీన్ ఫోన్ చేసింది. రాయచోటిలో ఇంటర్ చదువుతోంది. ఎప్పుడూ బాగున్నావా, తిన్నావా అనే రెండు మాటలయ్యాక ఫోను నాన్నకి ఇవ్వమనే పిల్ల, ఆ రోజు తల్లి ఆపకుండా చెబుతుంటే ఊ కొడుతూ వింది. "నిజంగా గిన్నె కనపడలేదా అమ్మీ? మళ్ళా చల్లారినాక ఎట్లుంది?" అని అడిగింది.

"తెల్లగా, మల్లెపువ్వు మాదిరి. దానికి ఏమీ కాలేదు" అంది మెహతాబ్.

"ఇంకా చెప్పమ్మీ" అంది పర్వీన్.

ఫర్నేస్‌లో అసలు మోసం ఎర్రగా ఉన్నప్పుడు కాదని పద్మశ్రీ చెప్పింది. అప్పుడు ఎవరూ ముట్టుకోరు. ఎరుపు పోయి, బీరువా మామూలు బీరువాలా కనబడే గంటల్లోనే జనం చేతులు కాల్చుకుంటారు. పైగా లోపలి ఇటుక వేడిగా ఉన్నప్పుడు తలుపు తీస్తే ఏసీ గాలికి పగుళ్ళు పడతాయి. అందుకే ప్లగ్ తీసిన మనిషి తలుపుకి ఎర్ర కార్డు తగిలించాలి, దాని మీద తన పేరు రాయాలి. "ఎవరు తగిలిస్తే వాళ్ళే తియ్యాలండి. నేనైనా ముట్టుకోను. బాసిత్ గారైనా ముట్టుకోకూడదు" అంది. అబ్దుల్ బాసిత్ లాబరేటరీ మేనేజరు, హైదరాబాద్ మనిషి. ఆయన ముట్టుకోకూడనిది ఈ బిల్డింగులో ఏదైనా ఉంటుందని మెహతాబ్ నమ్మలేదు.

రాత్రంతా టైమరు మీద వేడెక్కిన ఫర్నేస్ ఆ రోజు తెల్లారకముందే ఆగిపోయింది. మెహతాబ్ పనిలోకి వస్తూనే ప్లగ్ తీసి, కార్డు మీద పేరు రాసి తగిలించింది. మర్నాడు గవర్నమెంటు తనిఖీవాళ్ళు వస్తారు, ఆ లోపు చల్లారితే సాయంత్రం దాన్ని శుభ్రం చెయ్యొచ్చు. కానీ తనిఖీవాళ్ళు ఆ రోజే వచ్చేశారు.

అబ్దుల్ బాసిత్ వాళ్ళని వెంటబెట్టుకుని వేడి గదిలోకి వచ్చాడు. వాళ్ళకి పెద్ద ఒక కువైటీ ఆవిడ, నల్ల అబాయా, చేతిలో పెన్ను. ఆమె ఓవెన్లు చూసింది, వాటర్ బాత్ లోపలికి తొంగిచూసింది, వైర్లు చూసింది. ఫర్నేస్ దగ్గరికొచ్చి లోపల చూడాలంది. బాసిత్ తలుపు పిడి మీద చెయ్యి వెయ్యబోయి కార్డు చూసి ఆగాడు. పద్మశ్రీ వైపు తిరిగాడు.

"ఏంది మేడం, ఇది తియ్‌రి. జర జల్దీ."

"కార్డు ఆవిడదండి" అంది పద్మశ్రీ. "ఆవిడ్నే అడగండి."

అందరూ తిరిగి చూశారు. మెహతాబ్ గోడ పక్కన, చేతిలో మెత్తటి బ్రష్షుతో నిలబడి ఉంది.

"మెహతాబ్, అది తీసెయ్యమ్మా" అన్నాడు బాసిత్, నవ్వు మొహంతోనే. "గ్లౌజులు ఏస్కొని ఒక్క నిమిషం తెరిస్తే అయిపోతది. లోపల జర తుడిచి చూపిద్దాం. ఇంట్ల పొయ్యి మీద గిన్నె దించుతలేవా?"

ఆమె ఇఖామా ఈ కంపెనీ పేరు మీద ఉంది. ఈయనకి కోపమొస్తే ఖలాస్, మళ్ళీ ఎవరింటి వంటగదో. పద్మశ్రీ వైపు చూసింది, ఆవిడ ఏదైనా అంటుందేమోనని. ఆవిడ కదలకుండా, మెహతాబ్ కళ్ళలోకే చూస్తూ నిలబడింది. ఆ నిమిషంలో మెహతాబ్‌కి ఒకటి తట్టింది. ఇంతవరకూ తన జీవితంలో అందరూ తనతో ఈ పని చెయ్యి అనే అన్నారు. అయ్యిందా అని అడిగారు. ఇంకా ఎందుకు అవ్వలేదని అడిగారు. చెయ్యొచ్చా అని అడిగే ఘడియ ఇదొక్కటే. బాసిత్ అలా అడగకపోయినా, ఆ ఎర్ర ముక్క అతని చేత అడిగిస్తోంది.

"ఇంకా చల్లారలేదు సార్" అంది. "ఇప్పుడు తీస్తే ఇటుక పగుల్తాది. నా చెయ్యి గూడా కాల్తాది. చల్లారినాక నేనే తీస్తాను."

బాసిత్ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఈలోగా కువైటీ ఆవిడ ముందుకొచ్చి, కార్డు మీద పేరు చదివింది, మెహతాబ్ వైపు చూసింది, మళ్ళీ కార్డు చూసింది. పెన్ను మూత పెట్టేసింది.

"మాఫీ ముష్కిల్, ఏం పర్లేదు" అంది బాసిత్‌తో. "ఈమె చెప్పేదాకా ఆగుదాం."

వాళ్ళు మిగతా గదులు చూడటానికి వెళ్ళారు. టీలు తాగారు. నమాజుకి వెళ్ళొచ్చారు. మెహతాబ్ మాత్రం స్టూలు మీద కూర్చుంది. ఆగింది. ఎవరో ఒకరు తలుపు దగ్గరికొచ్చి కళ్ళతోనే అడిగేవారు. ఆమె తల అడ్డంగా ఊపేది. వాళ్ళు వెళ్ళిపోయేవారు. పెద్ద పెద్ద బ్యాడ్జీలు వేసుకున్న మనుషులు తన తల ఊపుతో వెనుదిరిగి పోవడం చూస్తుంటే ఆమెకి భయమూ వేసింది, ఆశ్చర్యమూ వేసింది. చివరికి ఆ రెండిటికీ తేడా తెలియలేదు. సూర్యుడు ఎంత పెద్దవాడైనా అస్తమించేదాకా ఉపవాసం విప్పం కదా, ఆగుతాం కదా. అలాంటి ఆగడమేదో ఆ గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది.

పొద్దు వాలుతుండగా ఆమె థర్మామీటరు తీగ కన్నంలోంచి పెట్టి చూసుకుని, లేచి, కార్డు తీసింది. మాస్కు కట్టుకుంది, కళ్ళద్దాలు పెట్టుకుంది. తలుపు తెరిచింది. లోపల తెల్లటి ఇటుక, అడుగున చిటికెడు బూడిద. నీళ్ళు తగలనివ్వకుండా మెత్తగా, పసిపిల్ల తల దువ్వినట్టు బ్రష్షుతో మూలలనుంచి బయటికి తీసింది. కువైటీ ఆవిడ వంగి లోపల అంతా చూసింది. ఒక్క పగులూ లేదు. "షుక్రన్" అని థాంక్స్ చెప్పింది, బాసిత్‌కి కాదు, మెహతాబ్‌కి.

వాళ్ళు వెళ్ళాక బాసిత్ గొణిగాడు. "నీ వల్ల పొద్దంతా పాయె" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. పద్మశ్రీ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "టీ తాగుదామా అండి?" అంది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తాగారు.

ఇంటికొచ్చేసరికి ఖాసిం వలి మంచం మీద ఫోను చూస్తూ పడుకుని ఉన్నాడు. వంట చేస్తూ మెహతాబ్ జరిగిందంతా చెప్పింది. అతను పకపకా నవ్వాడు. "పొయ్యి చల్లారేదాకా అంతమందిని నిలబెడితివా? నీ ధైర్యం పాడుగాను!" అన్నాడు. నవ్వు అయ్యాక, గుర్తొచ్చినట్టు అన్నాడు, "అన్నట్టు మే, మీ పాత మామా డ్రైవరు కలిసినాడు. శుక్రవారం వాళ్ళింట్లో దావత్ అంట. వంటకి, సర్దేదానికి నిన్ను పంపమని అడిగినాడు. వస్తుందిలే అని చెప్పినా."

మెహతాబ్ కూర కలుపుతూ ఆగింది. "నన్ను అడగకుండానే?"

"ఇంట్లో ఉండేదే గదా, అడిగేదేముంది? మాట ఇచ్చేసినా."

"మాట ఇచ్చింది నువ్వు. నేను ఇయ్యలేదు. రాదని ఫోన్ చేసి చెప్పు."

అతను లేచి కూర్చున్నాడు. ఆమె మొహంలోకి చూసి, ఇది సరదా కాదని తెలుసుకోవడానికి అతనికి కొంతసేపు పట్టింది.

"ఎందుకు పోవు? శుక్రవారం నీకేం పనుంది?"

మెహతాబ్ స్టవ్ ఆపింది.

"ఏ పనీ లేదు" అంది. "అందుకే పోను."